పేరులోని అతుకు

మాక్లూర్‌ది ఆవాల సీమ కాదు. వరి, పసుపు, మొక్కజొన్న, సోయా ఇక్కడి పంటలు. బోధన్ దిక్కు పోతే ఒకప్పుడు ఎటు చూసినా చెరకే. ఆవాలు మాకు చేను నుంచి రావు, కిరాణా కొట్టు నుంచి వస్తాయి. అయినా ఏటా చలికాలం మా పెద్దమ్మ ఇంటి పెరట్లో, గిన్నెలు తోమే బండ పక్కన, ఒకటో రెండో ఆవ మొక్కలు లేస్తాయి. పోపు డబ్బా కడిగిన నీళ్లతో జారిపోయిన గింజలవి. ఎవరూ విత్తరు, ఎవరూ ఎరువు వేయరు. గిన్నెల నీళ్లే వాటికి కాలువ. మొన్న పుష్యమాసంలో వంగి చూస్తుంటే లోపలి నుంచి కేక వినబడింది.

"పీకకురా, అది ఆవాల శెట్టు. ఉండనీ."

పీకలేదు. పువ్వూ కాయా ఉన్న కొమ్మ ఒకటి తెంపుకొచ్చి బల్ల మీద పెట్టుకున్నాను. ఈ రాత ఆ కొమ్మ గురించి కొంత, దానికి వృక్షశాస్త్రం పెట్టిన పేరు గురించి ఎక్కువ. ఆ పేరును పుస్తకాల్లో ఇలా అచ్చు వేస్తారు: బ్రాసికా జన్సియా (ఎల్.) చెర్న్.

గొలుసు కొనేవాడు మెరుపు చూస్తాడు, ఇంకో కంసాలి మాత్రం తిరగేసి అతుకు చూస్తాడు. ఈ పేరులో అతుకు ఎక్కడుందంటే, ఆ బ్రాకెట్‌లో ఉంది. దాని పనితనం తెలియాలంటే ముందు పువ్వు విప్పాలి.

ఆవపువ్వు గోరంత ఉంటుంది. బయట నాలుగు రక్షకపత్రాలు, లోపల నాలుగు పసుపు రేకలు. రేకలు ఎదురెదురుగా విచ్చుకుని శిలువ ఆకారంలో ఉంటాయి. అందుకే ఈ కుటుంబానికి పాత పేరు క్రూసిఫెరే, అంటే శిలువ మోసేవి అని. ఇప్పటి పేరు బ్రాసికేసి. రెండు పేర్లూ చెల్లుతాయని నామకరణ నియమాలే ఒప్పుకుంటాయి. అలాంటి వెసులుబాటు ఎనిమిది కుటుంబాలకే దక్కింది. రేకలు తీసేస్తే కేసరాలు ఆరు కనిపిస్తాయి. లోపలి వరసలో నాలుగు పొడుగు, బయటి వరసలో రెండు పొట్టి. స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ ఈ ఒక్క గుర్తు పట్టుకుని వీటన్నిటినీ ఒక తరగతిగా కట్టాడు. ఆయన తరగతులు చాలావరకు కేసరాల లెక్క మీద నిలబడ్డవి, తర్వాతివాళ్లు వాటిని కూల్చేశారు కూడా. ఆవ తరగతి మాత్రం కూలలేదు. నాలుగు పొడుగు రెండు పొట్టి అన్న లెక్కలో ప్రకృతి, పుస్తకం ఒక్కచోట కలిశాయి.

మా పొలం గట్ల మీద వానాకాలంలో కుక్కవామింట విపరీతంగా మొలుస్తుంది. పసుపు పువ్వు, నాలుగు రేకలు, పొడుగు కాయ. పట్నం నుంచి వచ్చిన చుట్టాలు దాన్ని చూసి ఆవ అనుకోవడం నేనెరుగుదును. చేత్తో పట్టుకుంటే బంకగా అంటుకుంటుంది. కేసరాలు లెక్కపెడితే ఆరు కాదు, పది దాటతాయి. కాయ చీలిస్తే లోపల అడ్డగోడ ఉండదు. ఆవకాయ చీల్చితే (పచ్చడి కాదు, మొక్క కాయ) రెండు రెప్పలు ఊడిపోయి మధ్యలో సన్నని చట్రం, చట్రానికి బిగించిన పలుచని తెర మిగులుతాయి. కిటికీకి ఉల్లిపొర అంటించినట్టు ఉంటుంది. ఆ చట్రాన్ని రెప్లమ్ అంటారు. కుక్కవామింటలో చట్రం ఉంటుంది గాని తెర ఉండదు. ఇంత చిన్న తేడా వల్లే దాన్ని పక్కింటి కుటుంబంలో పెట్టారు. 1998లో కొత్త వర్గీకరణ చేసినవాళ్లు అందరినీ ఒకే ఇంట్లోకి తెచ్చారు. 2009 నాటికి మళ్లీ వేరు కాపురం పెట్టించి క్లియోమేసి అని ఇంటిపేరు ఇచ్చారు. బ్రాసికేసికి అన్నిటికన్నా దగ్గరి చుట్టం ఇదే.

ఇంకో దూరపు చుట్టరికం చెప్తే మా పెద్దమ్మ నమ్మదు. మునగ, బొప్పాయి, ఆవ మూడూ ఇప్పటి లెక్కలో ఒకే క్రమానికి చెందినవి. రూపంలో పోలికే లేదు. వాటిని కలిపేది ఘాటు. ఆవపిండి పొడిగా ఉన్నప్పుడు ఊరుకుంటుంది, తడి తగలగానే ముక్కుకెక్కుతుంది. గింజలో ఒక రసాయనం ఒక అరలో, దాన్ని విరగ్గొట్టే ఎంజైము ఇంకో అరలో విడివిడిగా దాగి ఉంటాయి. నలిపి తడిపితే రెండూ కలిసి ఘాటు పుడుతుంది. నూనెలో చిటపటలాడిన ఆవాలకు ఆ ఘాటు ఉండకపోవడానికి కారణం, వేడికి ఎంజైము చచ్చిపోవడమే. ఈ ఏర్పాటున్న కుటుంబాలన్నీ ఒకే గోత్రం అయ్యుండాలని 1975లో డెన్మార్క్‌లో పనిచేస్తున్న శాస్త్రవేత్త రోల్ఫ్ డాల్గ్రెన్ అంటే చాలామంది తల అడ్డంగా ఊపారు. తర్వాత డీఎన్ఏ ఆయన మాటే నిజమంది, ఒక్కదాన్ని మాత్రం వేరు చేసింది. పుత్రజీవి చెట్టు ఉన్న కుటుంబానికీ అదే ఘాటు ఉంది గాని చుట్టరికం లేదు. అది తన దారిన తాను ఆ విద్య నేర్చుకుంది. ఒక్క గుర్తునే నమ్ముకుంటే ఎక్కడ జారతామో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇక కుటుంబం లోపలికి వస్తే పని నాజూకవుతుంది. 2006లో వార్విక్, ఫ్రాన్సిస్, అల్ షెహబాజ్ కూర్చిన జాబితాలో ఈ కుటుంబానికి 338 ప్రజాతులు, 3709 జాతులు. పువ్వులన్నీ దాదాపు ఒక్క పోతే. మరి ఎలా వేరు చేస్తారు? గింజ చూసి. నమ్మకం కుదరకపోతే మీ వంటింట్లోనే చూడొచ్చు. పది ఆవాలు రాత్రి నీళ్లలో వేసి, పొద్దున్నే ఒకదాన్ని రెండు వేళ్ల మధ్య మెల్లగా నొక్కితే పొట్టు జారి పసుపు పిండం బయటికి వస్తుంది. భూతద్దంలో చూస్తే రెండు బీజదళాలు నిలువునా మడత పడి ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. ఆ మడతలో వేరు మొలక పదిలంగా పడుకుని ఉంటుంది. తమలపాకు మడిచి వక్కను లోపల దాచినట్టు. 1821లో స్విట్జర్లాండ్‌కు చెందిన డి కండోల్ ఈ మడతను బట్టే ఆవనూ దాని దగ్గరివాళ్లనూ ఒక గుంపుగా విడదీశాడు. ఆవగింజను చీల్చి, అందులో మడతను చదివి, దాని మీద ఒక గుంపు కట్టడమంటే ఆ చూపుకు దండం పెట్టాలి. ముల్లంగి, క్యాబేజీ, గోబిపువ్వు గింజల్లోనూ అదే మడత.

ఇప్పుడు అతుకు దగ్గరికి. 1753లో లిన్నేయస్ తన స్పీసీస్ ప్లాంటేరమ్ పుస్తకంలో ఈ మొక్కలను రెండు ప్రజాతుల్లో పెట్టాడు. రక్షకపత్రాలు నిటారుగా రేకలకు ఆనుకుని ఉంటే బ్రాసికా, విచ్చుకుని పక్కకు వాలితే సినాపిస్. క్యాబేజీ, నూల్‌కోల్ రకాలు మొదటి ఇంట్లో, ఆవలు రెండో ఇంట్లో పడ్డాయి. మన మొక్కకు ఆయన పెట్టిన పేరు సినాపిస్ జన్సియా. జన్సియా అంటే తుంగ లాంటిది అని. దీనిలో తుంగ పోలిక ఎక్కడుందో మా పెరటి మొక్కను ఎంత తిప్పి చూసినా నాకు కనిపించలేదు. కానీ పేరు పెట్టాక పెట్టినట్టే. అర్థం సరిపోలేదని మార్చే హక్కు ఎవరికీ లేదు. ఆ కట్టుబాటు లేకుంటే ఈపాటికి ప్రతి పండితుడూ తన సొంత పేరు పెట్టుకునేవాడు.

తర్వాతివాళ్లకు రక్షకపత్రాల వాలు నమ్మకంగా తోచలేదు. కొమ్మ మీద పై పువ్వుకూ కింది పువ్వుకూ తేడా వస్తుంది. వాళ్లు కాయ రెప్పను పట్టుకున్నారు. రెప్ప మీద గట్టిగా తేలిన ఈనె ఒక్కటే ఉంటే బ్రాసికా, మూడు నుంచి ఏడు దాకా ఉంటే సినాపిస్. మా కొమ్మ మీద కాయను ఎండకు అడ్డంగా పట్టి చూశాను. నడిమధ్య ఒక్క గట్టి ఈనె, అటూ ఇటూ వల లాంటి సన్నని గీతలు. దీని ప్రకారం ఇది బ్రాసికా ఇంటికి పోవాలి. 1859లో ఖార్కివ్‌లో చెర్నయేవ్ ఆ పని చేశాడు. ఇల్లు మారింది, జన్సియా అలాగే ఉంది. మొదట పేరు పెట్టినవాణ్ని బ్రాకెట్‌లో కూర్చోబెట్టి, మార్చినవాణ్ని బయట నిలబెట్టారు. "(ఎల్.) చెర్న్." అంటే అదే. ఎవరు చేశారు, ఎవరు విప్పి మళ్లీ బిగించారు అన్నది పేరు మీదే చెక్కి ఉంది. తప్పు దిద్దినవాడు తప్పు చేసినవాడి పేరు చెరపకూడదన్న మర్యాద నాకు ఇంకే శాస్త్రంలోనూ ఇంత అందంగా కనిపించలేదు.

చిన్న తమాషా కూడా ఉంది. అదే 1859లో ఫ్రాన్స్‌లో కొసోన్ కూడా విడిగా ఇదే మార్పు చేశాడు. మన దేశపు పాత పుస్తకాల్లో "(ఎల్.) చెర్న్. & కొస్." అని కనిపిస్తుంది, ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుని రాసినట్టు. రెండు ఊళ్లలో విడివిడిగా చేసిన పనికి నడుమ ఒక "&" చేరి, తరాల తరబడి విద్యార్థులు దాన్ని బట్టీ పట్టారు.

మన తెలుగు గడ్డకు ఈ కథలో వాటా ఉంది. విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలకు బొమ్మలు వేయించాడు, వాటి తెలుగు పేర్లు కూడా రాసిపెట్టాడు. 1793లో కలకత్తా తోటకు పోయాక అక్కడి పొలాల్లో ఆవ రకాలు ఆయన చేతికొచ్చాయి. సినాపిస్ డైకోటోమా, సినాపిస్ రామోసా, సినాపిస్ గ్లాకా అంటూ వేర్వేరు జాతులుగా రాసుకుంటూ పోయాడు. ఆయన ఫ్లోరా ఇండికా పూర్తిగా అచ్చయింది 1832లో, అప్పటికి ఆయన పోయి పదిహేడేళ్లు. రైతు చూపుతో చూస్తే రాక్స్‌బర్గ్ చేసింది సబబే. సాగులో అవి వేర్వేరు పంటలు, కోతకొచ్చే కాలం వేరు, నూనె వేరు. వృక్షశాస్త్రం చూపులో మాత్రం రామోసా మన జన్సియాయే. పాత పేరు ఉండగా కొత్తది నిలవదు.

ఈ చిక్కును ముడి ముడిగా విప్పినవాడు డేవిడ్ ప్రెయిన్. 1898లో బెంగాల్ ఆవల మీద ఆయన రాసింది చదువుతుంటే ఓపిక అంటే ఏమిటో తెలుస్తుంది. రాయి, సర్సోం, తోరియా అని రైతులు మూడు మాటల్లో చెప్పేదాన్ని లాటిన్ పేర్ల అడవిలోంచి వెనక్కి తెచ్చి మూడు కుప్పలు పోశాడు. కుప్పలు సరిగ్గా పోశాడు, ఒక కుప్ప మీద చీటీ మాత్రం తప్పు అంటించాడు. తోరియాను బ్రాసికా నేపస్ అన్నాడు. అది నిజానికి బ్రాసికా రాపా. కంటితో చూసేవాడు అంతకంటే ముందుకు పోలేడు, ఆ తప్పు తేలాలంటే కణం లోపలికి పోయి లెక్కపెట్టాలి.

కణం దాకా పోకుండా కంటితో ఎంత దూరం పోవచ్చో కూడా చెప్పాలి, ఎందుకంటే పనితనంలో సగం అక్కడే ఉంది. మా కొమ్మను పట్టుకుని ప్రశ్నల పట్టిక ప్రకారం నడిచాను. మొదటి ప్రశ్న: పై ఆకులు కాండాన్ని చెవులతో కావలించుకుని ఉన్నాయా? రాపా అయితే ఆకు అడుగు రెండు పాయలై కాండం చుట్టూ వచ్చి పట్టుకుంటుంది, చంటిపిల్ల తల్లి మెడ పట్టుకున్నట్టు. మాది అలా లేదు. ఆకు అడుగుకు పోనుపోను సన్నబడి కాడగా మారింది. అయితే రాపా కాదు. రెండో ప్రశ్న: కాయలు కాండానికి అతుక్కుని నిలువుగా ఉన్నాయా, దూరంగా విచ్చుకుని ఉన్నాయా? నల్ల ఆవ, అంటే బ్రాసికా నైగ్రా అయితే పొట్టి కాయలు కాండానికి ఒత్తుకుని పోతాయి. మా కాయలు వేలంత పొడుగు, పక్కకు వాలి ఉన్నాయి. అయితే జన్సియా. రెండు ప్రశ్నలకు తేలిపోయింది. వందల మొక్కలు చూసిన తర్వాత గాని ఆ రెండు ప్రశ్నలు ఎవరికీ తట్టవు. అడగాల్సినవి వందుంటే వాటిలోంచి రెండు ఏరడమే నేర్పు. మన జిల్లాకే ప్రత్యేకంగా 1995లో పుల్లయ్య, రవిప్రసాదరావు నిజామాబాద్ ఫ్లోరా అచ్చు వేశారు. అలాంటి పుస్తకం తిరగేసేటప్పుడు వర్ణనల కంటే ముందు ఈ ప్రశ్నల పట్టికలు చూడమని కుర్రాళ్లకు చెప్తుంటాను.

కణం లెక్క మొదలుపెట్టింది జపాన్‌వాళ్లు. మొరినాగా 1920ల చివర్లో ఆవలను ఒకదానితో ఒకటి సంకరం చేసి, పుప్పొడి తయారయ్యే కణాల్లో క్రోమోజోములు ఎలా జత కడుతున్నాయో సూక్ష్మదర్శినిలో చూశాడు. పుప్పొడి లెక్కలో జన్సియాకు 18, రాపాకు 10. రెంటినీ కలిపితే పుట్టిన మొక్కలో 28. జతలు కట్టే వేళ పది జంటలు కుదిరాయి, ఎనిమిది ఒంటరిగా మిగిలాయి. అంటే జన్సియాలోని 18లో పది రాపావే. మిగిలిన ఎనిమిది ఎవరివి? నైగ్రాకు సరిగ్గా ఎనిమిది. నైగ్రాతో కలిపితే ఎనిమిది జంటలు కుదిరి పది మిగులుతాయి. పెళ్లి పందిట్లో ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో చూసి చుట్టరికం పట్టేసినట్టుంది. మన పోపు ఆవ ఎప్పుడో రాపాకూ నైగ్రాకూ పుట్టిన బిడ్డ. 10, 8 కలిపి 18.

1935లో నగహారు యు దీన్ని మొత్తం ఒక బొమ్మలో పెట్టాడు. ఆయన తండ్రి కొరియావాడు, తల్లి జపాన్ మనిషి. 1950లో కొరియాకు వెళ్లి అక్కడే 1959లో పోయాడు. ఆ బొమ్మ ఒక త్రిభుజం. మూడు మూలల్లో రాపా 10, నైగ్రా 8, ఓలరేసియా అంటే క్యాబేజీ 9. మూడు భుజాల మధ్యలో వాటి బిడ్డలు: జన్సియా 18, నేపస్ 19, ఇథియోపియా ఆవ కారినేటా 17. ఆయన బొమ్మ గీసి ఊరుకోలేదు. రాపానూ క్యాబేజీనీ చేత్తో సంకరం చేసి నేపస్‌ను మళ్లీ పుట్టించి చూపించాడు. నాలుగు వందల పేజీల వర్గీకరణలో ఇమడని సంగతిని మూడు గీతలు మోస్తున్నాయి. వృక్షశాస్త్రంలో ఇంత పొదుపైన బొమ్మ ఇంకొకటి నేను చూడలేదు.

అయితే ఆ త్రిభుజమే పాత ఇంటి గోడకు బీట కూడా చూపించింది. ఒకే ప్రజాతిలో ఉన్నాయి కదా అని మూడు మూలలూ అక్కచెల్లెళ్లు అనుకున్నారు. తర్వాత డీఎన్ఏ చూస్తే నైగ్రా వరస వేరు. అది రాపా కంటే, పొలాల్లో కలుపుగా మొలిచే సినాపిస్ ఆర్వెన్సిస్‌కు దగ్గర. ముల్లంగికి వేరే ప్రజాతి పేరుంది గాని, చుట్టరికం చూస్తే అది రాపా, క్యాబేజీల మధ్యనే తిరుగుతోంది. అంటే బ్రాసికా అనే ఇంట్లో పరాయివాళ్లున్నారు, బయట వసారాలో సొంతవాళ్లున్నారు. ఈ ఇంటిని పంచాలా, పక్కిళ్లను కలిపేయాలా అన్న వాదన అప్పటి నుంచీ నడుస్తోంది. నైగ్రాను బయటికి పంపితే మన జన్సియా సంగతేంటి? దాని సగం నెత్తురు ఇక్కడిది, సగం అక్కడిది. 1753లో లిన్నేయస్ దాన్ని నైగ్రాతో కలిపి సినాపిస్‌లో పెట్టినప్పుడు సగం నిజం చెప్పాడు. 1859లో చెర్నయేవ్ బ్రాసికాకు మార్చినప్పుడు మిగతా సగం చెప్పాడు. ఇద్దరికీ క్రోమోజోముల సంగతి తెలియదు. ఇంకో మాట: జన్సియా హరితరేణువులు రాపా నుంచి వచ్చాయి, అంటే తల్లి రాపా. మనిళ్లలో ఇంటిపేరు తండ్రిది, ఇక్కడ తల్లిది నిలిచింది. ఎవరూ అనుకుని చేసింది కాదు.

అయినా నాకు ఆ బ్రాకెట్ మీద గౌరవం తగ్గలేదు, పెరిగింది. రేపు ఎవరైనా మళ్లీ కొత్త ఇంటికి మార్చినా ఎల్. బ్రాకెట్‌లోనే ఉంటాడు, బయటి పేరు ఒక్కటే మారుతుంది. హెర్బేరియంలో కూడా ఇదే పద్ధతి. ఎండబెట్టిన మొక్కను మందపాటి కాగితం మీద కుట్టి, కింద కుడివైపు మూల ఊరు, తేదీ, పేరు రాసి చీటీ అంటిస్తారు. ముప్ఫై ఏళ్ల తర్వాత ఇంకొకరు వచ్చి అది ఆ జాతి కాదని తేలిస్తే పాత చీటీ చింపరు, దాని మీద గీత కూడా గీయరు. పక్కన ఇంకో చిన్న చీటీ అంటించి సంతకం పెడతారు. ఒక కాగితం మీద మూడు నాలుగు చీటీలు వరసగా ఉండటం మామూలే. అందుకే తెలివైనవాళ్లు కాగితంలో ఆ మూల చుట్టూ కాస్త ఖాళీ వదిలి మొక్కను కుడతారు.

మా కొమ్మను కూడా పాత పేపర్ల మధ్య పెట్టి మీద రాయి పెట్టాను. రోజూ పేపర్లు మార్చాలి, లేకుంటే బూజు పడుతుంది. పది రోజులకు ఎండింది. పసుపు రేకలు తెల్లబోయాయి గాని కాయలు నిలబడ్డాయి. ఒక కాయ రెప్ప దానంతటదే ఊడి తెర బయటపడింది, దానికి అంటుకుని అయిదు గింజలు. చీటీ మీద రాశాను: మాక్లూర్, ఇంటి పెరడు, గిన్నెలు తోమే చోటు, విత్తనిది. పేరు దగ్గరికొచ్చేసరికి బ్రాకెట్ తెరిచాను.

పెద్దమ్మ భుజం మీది నుంచి తొంగి చూసింది.

"గింజలు సుత కాయితానికే కుడ్తవా? ఆ మిగిలిన శెట్టునన్న ముట్టకు. మామిడికాయల దినాలొస్తున్నయి."